మా బేస్‌మెంట్ గోడ మీద గుర్రం

ఏడో పుట్టినరోజుకి ఏం కావాలే అని మా చిన్నదాన్ని అడిగితే గుర్రం కావాలంది. బొమ్మ కాదు, నిజం గుర్రం. గరాజ్‌లో కట్టేసుకుందాం, నాన్న కారు బయట పెట్టుకుంటాడులే అని దానికి చోటు కూడా చూసి పెట్టింది.

ఇది 2009 మాట. మేముండేది వర్జీనియాలో, లౌడన్ కౌంటీలోని యాష్‌బర్న్‌లో. ఇప్పుడైతే ఏ వీధిలోకెళ్ళినా తెలుగు వినిపిస్తుంది, అప్పటికి ఇంత లేదు గానీ మనవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. మా ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, అదే కారెక్కి పడమటి వైపు అరగంట పోయామంటే లోకమే మారిపోతుంది. రాతి గోడలు, చెక్క కంచెలు, కనుచూపు మేర పచ్చిక, ఆ పచ్చికలో గుర్రాలు. మిడిల్‌బర్గ్ అని చిన్న ఊరుంది, ఒంగోలు వైపు మనవాళ్ళకి గిత్తలెలాగో ఆ చుట్టుపక్కల వాళ్ళకి గుర్రాలలాగ. అటు వెళ్ళినప్పుడల్లా పిల్లలిద్దరూ కారు అద్దాలకి ముక్కులు ఆనించి చూస్తూ కూర్చునేవాళ్ళు. చిన్నదాని క్లాసులో పక్కన కూర్చునే పిల్లకి సొంత గుర్రం ఉందట. ఇక చూస్కోండి, ఒకటే పట్టు.

గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, పోషించడం పది ఎత్తులు. ఆ లెక్కలన్నీ ఏడేళ్ళ పిల్లకి ఏం చెప్తాం? "ముందు గుర్రం గురించి అంతా నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాట కాదు. ఏ ప్రాణినైనా ఇంటికి తెచ్చుకునే ముందు దాని తిండీ నిద్రా రోగమూ తెలుసుకోవాలని నాకు మా ఇంట్లో నేర్పారు, అదే నా పిల్లలకీ నేర్పుదామనుకున్నాను. ఆ శనివారమే లైబ్రరీకి తీసుకెళ్ళాను. అక్కడ గుర్రాల పుస్తకాలుండే అర నంబరు 636.1. కొన్నాళ్ళకి ఆ నంబరు మా ఇంట్లో ఒక ఊరి పేరులా అయిపోయింది, "అమ్మా, సిక్స్ థర్టీసిక్స్ పాయింట్ వన్‌కి ఎప్పుడెళ్తున్నాం" అని అడిగేవాళ్ళు.

మొదట్లో పిల్లలు తెచ్చుకున్నవన్నీ తళుకుల అట్టలవి. గుర్రానికి పొడుగాటి కనురెప్పలు, జూలులో రిబ్బన్లు. నాకవి నచ్చలేదు, ఇప్పటికీ నచ్చవు. గుర్రాన్ని ఆడపిల్ల బొమ్మలా చేసి చూపిస్తే పిల్లకి గుర్రం ఎప్పటికి తెలుస్తుంది? వాటి పక్కనే సన్నటి, పాతబడిన పుస్తకాలుండేవి. గుర్రం ఒంట్లో ఏ భాగాన్ని ఏమంటారో, చెవులు ఎటు తిరిగితే ఏ మూడ్‌లో ఉన్నట్టో, డెక్క అడుగున ఏముంటుందో, ఏం పెడితే కడుపు నొప్పి వస్తుందో అన్నీ బొమ్మలేసి చెప్పేవి. నేను ఆ రకానివి నాలుగు తీసుకుంటే, తళుకులది ఒకటి వాళ్ళ కోసం. మెల్లిగా వాళ్ళే తళుకులవి మానేశారు. గుర్రం వాంతి చేసుకోలేదని, అందుకే దానికి కడుపు నొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుందని చదివిన రోజు మా పెద్దది రాత్రి అన్నం తింటూ అదే చెప్పింది, మర్నాడు స్కూల్ బస్సు దగ్గరా అదే చెప్పింది. పెద్దదానికి అప్పుడు పదేళ్ళు.

ఆ నవంబర్లో అమ్మా నాన్నా తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు.

నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మాకు తెలిసిన నాన్న అంటే సుద్దముక్క, ఎక్కాలు, సైకిలు. మా తాత తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడని నాకు తెలుసు, నేను పుట్టకముందే ఆయన పోయాడనీ తెలుసు. అంతకుమించి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎందుకడగలేదా అని తర్వాత చాలాసార్లు బాధపడ్డాను.

నాన్న వచ్చేటప్పటికి మేం బేస్‌మెంట్ గోడ మీద గుర్రాన్ని వేస్తున్నాం. ఇక్కడ గుర్రం ఎత్తుని 'చేతుల' లెక్కన చెప్తారు. ఒక చెయ్యి అంటే నాలుగంగుళాలు. నేలమీంచి మెడ మొదట్లో ఎత్తుగా ఉండే చోటు దాకా కొలుస్తారు, తలదాకా కాదు. 14 చేతుల 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు, అంతకు లోపలైతే దాన్ని 'పోనీ' అంటారు, పైనైతే గుర్రం. పెయింటర్లు వాడే నీలం రంగు టేపుతో గోడ మీద 16 చేతుల గుర్రాన్ని అచ్చంగా నిజం సైజులో అతికిద్దామని మా ప్లాన్. పదహారు చేతులంటే 64 అంగుళాలు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, అంటే గుర్రం వీపే నాకంటే ఎత్తు! ఆ గీత దగ్గర నిలబడ్డప్పుడు పిల్లలకి మొదటిసారి అర్థమైంది, గరాజ్‌లో ఎందుకు పట్టదో.

నాన్న మెట్ల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. చెయ్యి లెక్క విని, తన అరచేతి వేళ్ళు నాలుగూ దగ్గరికి చేర్చి గోడకి ఆనించి, "మన బెత్తెడు లాంటిదేగా ఇది" అన్నాడు. తర్వాత పుస్తకంలో బొమ్మ చూసి, ఎక్కడిదాకా కొలుస్తారో ఆ చోటు మీద వేలు పెట్టి, "దీన్ని మూపు అంటారమ్మలూ. మూపు" అన్నాడు. పిల్లలిద్దరూ "మూపు, మూపు" అని గంతులేశారు. ఆ మాట నేను ఎడ్లకి విన్నాను గానీ గుర్రానికి వినలేదు. అసలు ఎవరి నోట విన్నా ఇరవయ్యేళ్ళయింది.

అక్కణ్ణుంచి రోజుకో మాట. నేను ఇంగ్లీషులో చదవడం, బొమ్మ చూపించడం, తాతయ్య తెలుగు మాట చెప్పడం. జూలు, డెక్క, కళ్ళెం, జీను, పగ్గాలు, రికాబు, గంతలు, లాడం. సకిలించడం వేరు, ముక్కుతో ఫుర్రుమనడం వేరు. గుర్రాల పుస్తకాల్లో మచ్చల పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది, ముఖం మీద తెల్ల చార ఉంటే ఒక పేరు, కాళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టు తెలుపుంటే ఒక పేరు. ఆ పేజీలో నాలుగు కాళ్ళూ తెల్లగా ఉండి ముఖం మీద కూడా తెలుపున్న గుర్రం ఫోటో చూసి నాన్న "ఓహో, పంచకల్యాణి!" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు విన్న రాజకుమారుడి కథలన్నిట్లోనూ పంచకల్యాణి గుర్రం ఉండేది, ఎక్కి వెళ్ళిపోయేవాడు, నేను అది ఆ గుర్రం పేరనుకునేదాన్ని. అయిదు చోట్ల తెలుపున్న గుర్రమని అంత అర్థం ఉందని నలభయ్యో పడిలో, అమెరికాలో, లైబ్రరీ పుస్తకం పుణ్యాన తెలిసింది.

అలా మన కథలు కూడా లోపలికొచ్చేశాయి. విరాట రాజు కొలువులో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని గుర్రాలు చూసుకోవడం, నలుడు బాహుకుడై రథం తోలడం, తనకు తెలిసిన అశ్వహృదయమనే గుర్రాల విద్యని ఋతుపర్ణుడికిచ్చి బదులుగా పాచికల విద్య తీసుకోవడం. 'అశ్వహృదయం' అన్న మాట పెద్దదానికి తెగ నచ్చేసింది. చెవులు, కళ్ళు, తోక చూసి గుర్రం మనసు చెప్పే పేజీ ఉంటుంది కదా, ఆ పేజీకి అదే పేరు పెట్టింది. ఉచ్చైశ్శ్రవం తోక తెలుపా నలుపా అని కద్రువ వినతతో పందెం కట్టడం, పాములు వెళ్ళి తోకకి వేలాడటం చెప్తే చిన్నది మాత్రం ఒకటే గొడవ, గుర్రం తోక ఊపి పాముల్ని ఎందుకు దులిపేసుకోలేదని. దోమలు వాలితేనే చర్మాన్ని వణికించి దులుపుకుంటుందని అంతకుముందు రోజే చదివింది మరి.

ఉలవల సంగతి కూడా చెప్పాలి. అమ్మ ఉలవచారు కాద్దామని ఇండియన్ స్టోర్ నుంచి ఉలవలు తెప్పించింది. పాకెట్ మీద 'హార్స్ గ్రామ్' అని ఉంది. పెద్దది చదివి పరిగెత్తుకొచ్చింది, ఇది గుర్రాల తిండా అని. "అవునే, మా ఇంట్లో ముందు గుర్రానికి ఉడికిన తర్వాతే మాకు ఉడికేది" అన్నాడు నాన్న. తెల్లారుజామున తాత పొయ్యి మీద పెద్ద కుండలో ఉలవలు ఉడకేసేవాడట, ఆ వాసనకి నాన్నకి మెలకువ వచ్చేదట. ఆ నీళ్ళు వంచి నాయనమ్మ చారు పెట్టేది, గుగ్గిళ్ళు గుర్రానికి. అందులోంచి ఒక గుప్పెడు ఉప్పేసుకుని నాన్న నిక్కరు జేబులో పోసుకుని బడికెళ్ళేవాడట. ఇది విన్నాక మా పిల్లలు నెలరోజులు సాయంత్రం చిరుతిండికి చిప్స్ అడగలేదు, గిన్నెల్లో గుగ్గిళ్ళు పోయించుకుని, గోడ మీద గుర్రం ముందు కూర్చుని తినేవాళ్ళు.

2010 ఫిబ్రవరి మంచు తుఫాను ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. శుక్రవారం మొదలై శనివారం దాకా కురిసి వాషింగ్టన్ డల్లస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర 32.4 అంగుళాలు పడింది, మాకది పక్కనే. నాలుగు రోజులు తిరక్కుండా ఇంకోటి. ఆ వారమంతా బడి లేదు. తలుపు తీస్తే తెల్లటి గోడ. అమ్మకి మహా టెన్షన్, పాలు అయిపోతాయేమోనని. నాకు మాత్రం, చెప్పకేం, అంత మంచి వారం మళ్ళీ రాలేదు. తుఫాను వస్తోందనగానే లైబ్రరీకెళ్ళి రెండు సంచుల నిండా పుస్తకాలు తెచ్చిపెట్టుకున్నాను.

అందులో బ్లాక్ బ్యూటీ ఉంది. 1877లో వచ్చిన నవల, గుర్రమే తన కథ చెప్పుకుంటుంది. రాసిన ఆవిడ అన్నా సూయెల్. పద్నాలుగేళ్ళప్పుడు పడి కాలు దెబ్బతిని సరిగ్గా నడవలేక ఎక్కడికెళ్ళినా గుర్రబ్బండి మీదే ఆధారపడి బతికింది, ఈ ఒక్క నవలే రాసింది, అది వచ్చిన కొద్ది నెలలకే పోయింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో గొప్పింటి బళ్ళకి కట్టే గుర్రాల తల ఎప్పుడూ ఠీవిగా పైకే ఉండాలని ఒక పట్టీ బిగించేవాళ్ళు. మెడ వంచడానికి లేకుండా గుర్రం నరకం చూసేది. ఈ పుస్తకం చదివాక చాలామంది ఆ పట్టీ మీద తిరగబడ్డారు.

నేను ఒక్కో పేజీ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్తున్నాను, అమ్మా నాన్నా కూడా వింటున్నారు కదా అని. కొండ ఎక్కాల్సిన బండి, తల వంచనివ్వని పట్టీ, గుర్రం బాధ. ఆ చోటుకి రాగానే నాన్న ఉన్నట్టుండి, "ఎత్తెక్కేటప్పుడు గుర్రం తల వంచాలమ్మా. తల వంచకపోతే బలం ఎక్కణ్ణుంచి వస్తది? మా నాన్న కాలవ వంతెన రాగానే బండి ఆపి అందర్నీ దిగమనేవాడు" అన్నాడు. మాస్టారి భాష పోయి పేట భాష వచ్చేసింది. నేను పుస్తకం మూసేశాను.

ఆ మధ్యాహ్నం నాన్న చెప్పింది నేను ఇక్కడ వరసగా పెట్టలేను, ఆయన కూడా వరసగా చెప్పలేదు. జట్కాలో కింద పచ్చగడ్డి పరిచి పైన గోనెపట్టా వేసేవాళ్ళు, అది కూర్చునేవాళ్ళకి మెత్త, గుర్రానికి మధ్యాహ్నం మేత. రెండు చక్రాల బండి కాబట్టి వెనక బరువెక్కువైతే పోలుగర్రలు పైకి లేస్తాయి, గుర్రానికి కింద బిగువు పడుతుంది, అందుకని తాత ఎక్కినవాళ్ళని "కాస్త ముందుకి జరగండమ్మా, ఇంకాస్త" అంటూనే ఉండేవాడు. సందుల్లో మనుషులు అడ్డమొస్తే చెర్నాకోల కర్రని చక్రం ఆకుల మధ్య పెట్టేవాడు, టకటకటకమని మోగేది, అదే హారను. ఆ చెర్నాకోలతో గుర్రాన్ని మాత్రం కొట్టింది నాన్న ఎప్పుడూ చూడలేదట. రాత్రి ఎంత పొద్దుపోయి వచ్చినా గుర్రానికి మాలీషు చేసి, నాలుగు డెక్కలూ ఎత్తి రాళ్ళు ఇరుక్కున్నాయేమో చూసి, అప్పుడు కాళ్ళు కడుక్కునేవాడు.

గుర్రం పేరు రాణి. ఎర్రటి ఆడగుర్రం. దాన్ని ఎవరూ కొనలేదట. నుదుటి మీద సుడి మంచి చోట లేదు, ఆ సుడి గుర్రాన్ని తెచ్చుకుంటే ఇల్లు గుల్లయిపోతుందని సంతలో అందరూ తప్పుకున్నారు. తాత దగ్గర మంచి సుడి గుర్రాన్ని కొనే డబ్బు లేదు. పళ్ళు చూశాడు, కాళ్ళు తడిమాడు, చవగ్గా వస్తోందని తోలుకొచ్చాడు. నాయనమ్మ మూడు రోజులు మాట్లాడలేదట. ఆ రాణే పదకొండేళ్ళు బండి లాగింది. నాన్న ఫీజులు, అత్తయ్యల పెళ్ళిళ్ళు, అన్నీ దాని కష్టమే. "నేను మాస్టారునయ్యానంటే రాణి వల్ల" అన్నాడు నాన్న, చాలా మామూలుగా. ఆయన వైపు చూడలేక నేను కిటికీలోంచి మంచు కేసి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పిల్లలు లెక్క మొదలెట్టారు. ఒక పుస్తకంలో గుర్రం నడకలకి చప్పుళ్ళు ఇచ్చారు. మామూలుగా నడిస్తే నాలుగు దెబ్బలు. ట్రాట్ అంటే రెండు, ఎదురెదురు మూలల కాళ్ళు జతగా పడతాయి. కాంటర్‌కి మూడు, తర్వాత చిన్న ఖాళీ. దౌడుకి మళ్ళీ నాలుగు, ఈసారి వేగంగా. అమ్మ కొబ్బరి చిప్పలు ఇచ్చింది, పిల్లలు బేస్‌మెంట్ నేల మీద కొట్టి చూస్తున్నారు, కుదరడం లేదు. పెద్దది అప్పటికి రెండేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. ఉన్నట్టుండి ఆపేసి, "అమ్మా, నడక చతురశ్రం కదా! తకధిమి! కాంటర్ తిశ్రం, తకిట!" అని అరిచింది. ఇక కుదరకేం? త-క-ధి-మి అని మెల్లిగా నడిచింది గుర్రం. తక, తక, తక, తక. తకిట, ఖాళీ, తకిట, ఖాళీ. చివర్లో తకధిమి తకధిమి తకధిమి అని ఇద్దరూ ఇల్లంతా దౌడు.

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "జట్కా గుర్రం ఎప్పుడూ తక తకే. రోడ్డు చివర మలుపు తిరగ్గానే నాకు ఇంట్లో వినపడేది. చప్పుడు సమంగా లేదంటే లాడం వదులైనట్టు. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచే చెప్పేది, ఇవాళ వెనక ఎడమ కాలు చూపించమని." అని, చిన్నదాని చేతిలోంచి చిప్పలు తీసుకుని, తక తక తక అని కొడుతూ ఒక దెబ్బ కాస్త ఆలస్యంగా వేశాడు. "ఇదిగో, కుంటితే ఇలా." పిల్లలకి వినపడింది. నాకూ వినపడింది. ఏ పుస్తకంలోనూ లేదది.

మంచు కరిగాక, మార్చిలో అనుకుంటా, పిల్లల్ని ఒక గుర్రపుశాలకి తీసుకెళ్ళాం. పుస్తకాలు అన్ని నెలలు చదివించాక ఇక నిజం గుర్రాన్ని ముట్టుకోనివ్వకపోతే అది అన్యాయం. ముందు రోజు రాత్రి చిన్నది మంచం మీద అప్పజెప్పింది. వెనక నుంచి వెళ్ళకూడదు, దానికి అక్కడ కనపడదు. సరిగ్గా నుదుటికి ఎదురుగా కూడా కనపడదు, పక్క నుంచి మాట్లాడుకుంటూ వెళ్ళాలి. అరచెయ్యి బల్లపరుపుగా చాపి పెట్టాలి, వేళ్ళు ముడిస్తే కేరెట్ అనుకుని కొరుకుతుంది. ఎడమ వైపునుంచి పట్టుకుని నడిపించాలి.

అక్కడ గోధుమ రంగు పోనీ ఒకటి తలుపు మీంచి తల బయటపెట్టి ఉంది. పెద్దది ముద్దుగా ఉందని చెయ్యి చాపబోయింది. చిన్నది దాని జాకెట్ పట్టి వెనక్కి లాగింది. "అక్కా, చెవులు చూడు." నిజమే, చెవులు రెండూ వెనక్కి నొక్కేసి ఉన్నాయి. అంతలోనే పోనీ పళ్ళు చూపించి మెడ విసిరింది. అక్కడ చూసుకునే అమ్మాయి పరిగెత్తుకొచ్చి సారీ చెప్పింది, దాని మేత వేళ, అప్పుడెవరూ దగ్గరికి రాకూడదట, ఆ మాట ముందే చెప్పాల్సింది మర్చిపోయింది. ఏడేళ్ళ పిల్ల గుర్రాన్ని అంతకుముందు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, బొమ్మల్లో చూసిన చెవులు అవసరానికి గుర్తొచ్చాయి. పుస్తకాలు ఎందుకు, యూట్యూబ్‌లో గుర్రాల వీడియోలు పెట్టేస్తే పోలా అని నన్నడిగిన వాళ్ళందరికీ నేను ఇదే చెప్తాను. వీడియోలో గుర్రం పరిగెత్తి వెళ్ళిపోతుంది. బొమ్మ ముందు పిల్ల ఎంతసేపైనా కూర్చోగలదు, వేలు పెట్టి చూసుకోగలదు.

అక్కణ్ణుంచి మిడిల్‌బర్గ్ వెళ్ళాం. అక్కడ నేషనల్ స్పోర్టింగ్ లైబ్రరీ అని గుర్రాల పుస్తకాలకి పెట్టింది పేరైన లైబ్రరీ ఉంది. దాని ముందు ఒక కంచు గుర్రం ఉంటుంది. విగ్రహాల్లో గుర్రమంటే మనకి తెలిసింది ముందు కాళ్ళు ఎత్తి, పైన వీరుడు కత్తి దూసి ఉండటం. ఇది అలా కాదు. పైన ఎవరూ లేరు. డొక్కలు తేలి, తల కిందికి వేలాడేసి, నిలబడటమే కష్టమన్నట్టున్న గుర్రం. అమెరికా అంతర్యుద్ధంలో పోయిన, గాయపడిన 15 లక్షల గుర్రాలు, కంచర గాడిదల గుర్తుగా పెట్టారు. పిల్లలకి చదివి చెప్తున్నాను. నాన్న దాని దగ్గరికెళ్ళి, చేతికి తొడుక్కున్న గ్లవ్ తీసేసి, మెడ మీద చెయ్యేసి మూపు దాకా నిమిరాడు. అక్కడే ఆగి రెండు సార్లు తట్టాడు. ఆ తట్టడం చూశాక తెలిసింది, అది మాలీషు అయిపోయాక గుర్రాన్ని తట్టే తట్టు అని. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఏప్రిల్లో, నాన్నావాళ్ళు వెళ్ళిపోయే ముందు, చింకొటీగ్ వెళ్ళొచ్చాం. 1947లో మార్గరీట్ హెన్రీ రాసిన మిస్టీ ఆఫ్ చింకొటీగ్ చదివిన పిల్లలెవరైనా అక్కడికి తీసుకెళ్ళమని ప్రాణం తీస్తారు. అట్లాంటిక్ ఒడ్డున అసాటీగ్ దీవి, ఉప్పు మడుగులు, అందులో ఎవరూ మేపకుండా బతికే పోనీలు. వర్జీనియా వైపున్న మంద చింకొటీగ్ ఊళ్ళోని వాలంటీర్ ఫైర్ కంపెనీది, అంటే మంటలార్పే వాలంటీర్ల దళానిది. ఏటా జూలై ఆఖర్లో వాటిని ఈదించుకుంటూ ఇవతలి దీవికి తెస్తారు, మర్నాడు పోనీ పిల్లల్ని వేలం వేస్తారు, ఆ డబ్బు ఫైర్ కంపెనీకి. ఆ ఈత మేం తర్వాతెప్పుడో చూశాం, జనం తోపులాటలో సరిగ్గా కనపడలేదు కూడా. నాకు గుర్తున్నది ఆ ఏప్రిల్ పొద్దు.

మడుగులో మోకాలి లోతు నీళ్ళలో అయిదారు పోనీలు మేస్తున్నాయి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసి, "అన్నీ చూడితో ఉన్నాయే" అన్నాడు. పొట్టలు అలా ఉన్నాయి మరి, గుండ్రంగా. చిన్నది చాలా గంభీరంగా, "కాదు తాతయ్యా. ఇక్కడి గడ్డంతా ఉప్పు. ఉప్పు తిని దాహమేసి నీళ్ళు ఎక్కువ తాగుతాయి. అందుకే పొట్ట" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పోనీల వైపు చూసి, వంగి దాని భుజం మీద చెయ్యేసి, "అట్నా. నాకు తెలియదమ్మా ఇది" అన్నాడు. తాతయ్యకి తెలియని గుర్రం సంగతి తనకి తెలిసిందని అది తిరుగు దారిలో నాలుగు గంటలూ నిద్రపోలేదు.

గుర్రం కొనలేదు. కొన్నాళ్ళకి అది అడగడం కూడా మానేసింది, తర్వాత మూడేళ్ళు వారానికోసారి స్వారీ నేర్చుకుంది, హైస్కూల్ కొచ్చాక వేరే ఇష్టాలొచ్చాయి. పెద్దదానికి మొదట్నుంచీ ఎక్కడం కంటే బొమ్మలేయడమే ఇష్టం. గోడ మీది గుర్రం మాత్రం నాలుగేళ్ళుంది. టేపు పీకినప్పుడు దానితో పాటు పెయింట్ కూడా ఊడొచ్చింది.

వెళ్ళేటప్పుడు నాన్న ఒక్కటే అడిగాడు, పెద్ద బొమ్మలున్న గుర్రాల పుస్తకం ఒకటి కొనిపెట్టమని. లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మే రోజున వెతికి, నిలువెత్తు గుర్రం బొమ్మ రెండు పేజీల్లో పరుచుకుని ఉన్నది తీసుకున్నాను. సూట్‌కేసు బరువెక్కువైందని అమ్మ గొడవపెట్టినా చేతి సంచిలో పెట్టుకుని వెళ్ళాడు.

2013 వేసవిలో మేం తెనాలి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద ఉంది. అట్టకి పాత క్యాలెండర్ కాగితం వేసి ఉంది. సాయంత్రాలు అరుగు మీద పేటలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్తున్నాడని అమ్మ అంది. జట్కాని ఎప్పుడూ చూడని పిల్లలు వాళ్ళు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తీసి చూశాను. ఆ రెండు పేజీల గుర్రానికి ఇంగ్లీషు పేర్లున్న చోటల్లా పక్కన పెన్సిల్‌తో, నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో తెలుగు పేర్లు. జూలు. మూపు. డొక్క. పిర్ర. మోకాలు. డెక్క. తోక. ఒక్కో దానికీ స్కేలు పెట్టి గీత గీశాడు. నుదుటి దగ్గర ఇంగ్లీషులో ఏ పేరూ లేదు. అక్కడ కూడా ఒక బాణం గీసి ఉంది, మిగతా వాటికంటే చిన్న అక్షరాలతో, "రాణికి ఇక్కడ సుడి" అని.